చీర మడతలో జోకరు

ఇంటి దగ్గర నుంచి,
బుధవారం మధ్యాహ్నం.

చిరంజీవి కీర్తిప్రియకు అమ్మ దీవించి, నుదుట ముద్దుపెట్టి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను, మీ నాన్నగారు, ఇంట్లో సాయానికి ఉంటున్న బేబీ, పెరట్లో నువ్వు పాతిన నందివర్ధనం మొక్క, అందరం క్షేమం. నువ్వు కూడా వేళకు తింటూ, వేళకు నిద్రపోతూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఇంతవరకు చదివి నువ్వు ఆగిపోయి ఉంటావు. క్షేమంగా ఉన్నవాళ్ళలో ఒక పేరు లేదని నీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది.

మామ్మకు బాగాలేదు తల్లీ. బొత్తిగా బాగాలేదు. ఆ సంగతి నీకు చెప్పాలా, పరీక్ష అయ్యేదాకా దాచాలా అని ఇంట్లో ఇన్నాళ్ళూ గుంజాటన పడ్డాం. చెప్పటానికే ఇప్పుడు కూర్చున్నాను. కానీ చెయ్యి తిన్నగా అక్కడికి పోవటం లేదు. నువ్వు అడిగినవాటికి జవాబులు రాసుకుంటూ మెల్లిగా అక్కడికి వస్తాను. కథల పుస్తకం కొంటే ముందు ఆఖరి పేజీ తిప్పి చూసే అలవాటు నీది. ఈ ఒక్కసారికి అలా చెయ్యకు. వరసగా చదువు.

హాస్టల్లో నీ గదిలో ఉండే ఆశాజ్యోతి వాళ్ళమ్మగారు నీ ఉత్తరం స్వయంగా తెచ్చి ఇచ్చారు. పోస్టులో వేస్తే వార్డెను గారు విప్పి చదువుతారని ఆవిడ చేతికి ఇచ్చావట. మంచిపని చేశావు. ఆవిడ కాఫీ కూడా తాగకుండా, మామ్మ మంచం వైపు చూడనట్టు నటిస్తూ వెళ్ళిపోయారు. పిల్లలకు చెప్పకూడని సంగతులు ఏ ఇంట్లో ఉన్నా ఆ కాలేజీ తల్లిదండ్రులందరికీ ఇట్టే అర్థమైపోతాయి కాబోలు.

జుట్టు ఊడుతోందని రాశావు. తలకు నూనె పెట్టుకోమంటే మొటిమలు వస్తాయంటావు, మానేస్తే జుట్టు ఊడుతోందంటావు. నేనెటు చావను? ఆదివారాలైనా కాస్త కొబ్బరినూనె రాసుకో.

ర్యాంకు జారిందని సగం పేజీ ఏడ్చావు. మాకు ముందే తెలుసు. కాలేజీ నుంచి వారం వారం మెసేజి వస్తుంది. మీ నాన్నగారు అది చదివి, ఫోను బల్ల మీద బోర్లించి, చెరువుకు వెళ్ళిపోతారు. పోయిన నెల మెసేజి వచ్చినప్పుడు నేనే నిన్ను ఫోన్లో నాలుగు మాటలన్నాను. ఆ వారమంతా నీకు జ్వరమనీ, పరీక్ష హాల్లో తల పైకెత్తలేకపోయావనీ నీ ఉత్తరం చూసేదాకా మాకు తెలియదు. ర్యాంకు ఎంత జారిందో పంపినవాళ్ళు ఎందుకు జారిందో పంపలేదు. మేమూ అడగలేదు. ముందు ఆ మాటలకు నన్ను క్షమించు.

చెరువు ఎలా ఉందని అడిగావు. చెరువు బంగారంలా ఉంది. రొయ్య బాగా ఎదిగింది, మేత బాగా తీసుకుంటోంది. ఈ మాట రాయటానికి నాకెందుకు మొహం చెల్లటం లేదో కాసేపట్లో నీకే తెలుస్తుంది.

ఇక ఆదివారాల సంగతి. వార్డెను గారు ఫోను స్పీకర్లో పెట్టి, నీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. నువ్వు మామ్మను పిలవమంటావు. మొదటి ఆదివారం మామ్మను ద్రాక్షారామం పంపించాను. తర్వాతి ఆదివారం పిఠాపురం. ఆ తర్వాత ఏ ఊరు చెప్పాలో తోచక పాలకొల్లు అన్నాను. "గేటు దాకా నడవలేని మామ్మ ఇన్ని గుళ్ళు ఎలా తిరుగుతోందమ్మా? నువ్వు నాతో నిజం చెప్పటం లేదు" అని రాశావు. ఆ లైను చదివి ముందు నవ్వొచ్చింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మొదటి ఆదివారం, నువ్వు "దర్శనం బాగా అయ్యిందా అని అడుగమ్మా" అన్నప్పుడు, నేను భీమవరం ఆసుపత్రిలో ఐసీయూ బయట కుర్చీలో ఉన్నాను. శ్వాసక్రియ పాఠంలో నీకు పూర్తి మార్కులు వచ్చాయన్న మెసేజి కూడా ఆ కుర్చీలోనే చదివాను.

డిసెంబరు సెలవులకు నువ్వొచ్చినప్పటికే మామ్మ ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని ఆక్సిజన్ మిషను తెచ్చాం కదా. ముక్కుకు గొట్టం పెట్టుకునే నీతో పేకాడారు. "అబ్బ, ఈ గొట్టం లాగేస్తోందే, కాస్త సరిచెయ్యవే" అనటం, నువ్వు లేచి గొట్టం సర్దటం, ఆ సందులో జోకరు ఆవిడ చీర కుచ్చిళ్ళ మడతలోకి వెళ్ళిపోవటం. నువ్వు వెళ్ళిపోయే రోజు గానీ కనిపెట్టలేకపోయావు. "దొంగ మామ్మా!" అని నువ్వరిస్తే ఆవిడ దర్జాగా, "అందరూ గొట్టం వంక చూస్తారే పిచ్చిమొహమా, ఒళ్ళో ఏముందో ఎవరు చూస్తారు?" అన్నారు. ఆ మాట నాకు ఈమధ్య పదేపదే గుర్తొస్తోంది. కూర వండుతుంటే గుర్తొస్తోంది, బట్టలు ఆరేస్తుంటే గుర్తొస్తోంది.

ఇంక అసలు సంగతి రాస్తాను.

ఉగాది వెళ్ళిన వారంలో ఒకరోజు, భోజనాలవేళ, ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. కరెంటు పోయింది. మన ఇంట్లో కరెంటు పోతే ఏమవుతుందో నీకు తెలుసు. కిటికీ తలుపులు వేసేవాళ్ళుండరు, అందరి ప్రాణం చెరువులో తిరిగే ఏరియేటర్ల మీదే ఉంటుంది. అవి ఆగితే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది, రొయ్య చచ్చి పైకి తేలిపోతుంది. పోయిన పంట తెల్లమచ్చ తెగులుతో తుడిచిపెట్టుకుపోయాక మీ నాన్నగారికి ఆ చెరువు తప్ప వేరే లోకం లేదు. నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే మీటరు ఆయన చొక్కా జేబులో, కళ్ళజోడు ఉండాల్సిన చోట ఉంటుంది. కళ్ళజోడు ఎక్కడుందో ఆయనకే తెలియదు.

ఆ మీటరుకు బీరువాలో కొత్త బ్యాటరీలు ఎప్పుడూ ఉంటాయి. మామ్మ వేలికి తగిలించి చూసే చిన్న మీటరు ఉంది చూడు, దానికీ అవే బ్యాటరీలు. అది ఎప్పటినుంచి వెలగటం లేదో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. మిషనుకు తోడుగా ఇచ్చిన సిలిండరు కూడా అప్పటికే ఖాళీ. వ్యాను రోజూ భీమవరం వెళుతోంది, మేత బస్తాలతో తిరిగి వస్తోంది. సిలిండరు రేపు వేద్దాంలే, రేపు వేద్దాంలే అనుకున్నాం. మేమెవరమూ చెడ్డవాళ్ళం కాము కీర్తీ. వ్యానులో చోటు లేదు, అంతే.

ఇక మిగిలింది ఇంట్లో ఉన్న చిన్న జనరేటరు. మామ్మ మిషను కోసమనే అది కొన్నాం. గాలి లేవగానే మీ నాన్నగారు చెరువు దగ్గర నుంచి ఫోన్ చేశారు.

"సత్యా, ఇక్కడ పెద్ద జనరేటరు స్టార్టవ్వట్లేదు. ఎంత తిప్పినా పట్టుకోవట్లేదు. ఇంట్లోది పంపించు. అబ్బులు ట్రాక్టరు వేసుకొస్తున్నాడు."

"మరి అత్తయ్యగారి మిషనో?"

"కరెంటాఫీసుకు ఫోన్ చేశాను, ఇప్పుడే వచ్చేస్తుందంట. కాసేపు ఓర్చుకుంటారులే. ఇక్కడ రెండు ఏరియేటర్లన్నా తిప్పకపోతే కొంప మునుగుద్ది."

మామ్మే పంపెయ్యమన్నారు. మన పాలేరు అబ్బులు వచ్చి జనరేటరు ఎక్కించుకుని వెళ్ళాడు. బేబీ మామ్మ పక్కన కూర్చుని విసనకర్రతో విసరటం మొదలుపెట్టింది. నేను వాకిట్లో నిలబడి కరెంటు తీగల వంక చూస్తున్నాను, నేను చూస్తుంటే వస్తుందన్నట్టు.

రాలేదు. రోడ్డు మీద స్తంభాలు పడిపోయాయట. లైన్‌మన్‌కు నేనే ఫోన్ చేశాను. పాపం మంచివాడే. "ముందు చెరువుల లైను ఎక్కిస్తున్నామండి, ఊళ్ళోది తర్వాతండి. చెరువుల వాళ్ళ ఫోన్లు ఆగట్లేదండి. ఇంట్లోకి కరెంటు కావాలని చేసింది మీరొక్కరేనండి" అన్నాడు.

ఆ ఫోను పెట్టేసేసరికి మళ్ళీ మోగింది. మీ నాన్నగారు. ఆయన గొంతులో అంత సంతోషం విని చాలా రోజులైంది. "సత్యా, భయంలేదు! గాలికి నీళ్ళు వాటంతటవే చిలుక్కుంటున్నాయి. మీటరు ముంచి చూశాను, రీడింగు బ్రహ్మాండంగా ఉంది. అసలు ఏరియేటరే అక్కర్లేదు ఇప్పుడు."

నేను అప్పుడు మామ్మ పెదాల వంక చూస్తున్నాను. నేరేడుపళ్ళు తిన్నట్టున్నాయి. బేబీ విసురుతూనే "మామ్మగారండీ, మామ్మగారండీ" అని పిలుస్తోంది, ఆవిడ కళ్ళు తెరవటం లేదు. చెరువు నిండా ప్రాణవాయువు ఉంది, మన నట్టింట్లో లేదు. "జనరేటరు వెనక్కి తీసుకురండి!" అని నేను అరిచిన అరుపుకు మీ నాన్నగారికి అర్థమైంది. కానీ దారిలో కొబ్బరిచెట్లు అడ్డం పడ్డాయి. కాలవగట్టు మీదుగా చుట్టు తిరిగి వచ్చారు. బురదలో ట్రాక్టరు దిగిపోతే ఆయనా, అబ్బులూ జనరేటరును చేతుల మీద మోసుకొచ్చారు. మిషను తిరిగింది. మామ్మ ఊపిరి తిరిగింది గానీ ముందులా తిరగలేదు.

తర్వాత ఆసుపత్రి. అక్కడ అద్దాల తలుపు, లోపల గొట్టాలు, ఎవరినీ రానివ్వరు. డాక్టరు గారు దాపరికం లేకుండా చెప్పారు. "ఉన్న కాస్త ఊపిరితిత్తులూ అలిసిపోయాయమ్మా. ఇక్కడుంచి మేం కొత్తగా చేసేదేం లేదు. ఇంటికి తీసుకెళ్ళండి. కళ్ళతో చూడాలనుకునేవాళ్ళు ఎవరన్నా ఉంటే పిలిపించండి" అన్నారు. ఎన్నాళ్ళంటే చెప్పలేమన్నారు.

అందరినీ పిలిపించాం. తణుకు నుంచి మీ మేనత్త వచ్చి వెళ్ళింది. మామ్మతో గట్టు తగాదా పెట్టుకుని ఎన్నో ఏళ్ళుగా మన గడప తొక్కని పక్క చెరువు వాళ్ళు కూడా వచ్చి మంచం పక్కన నిలబడ్డారు. ఆవిడ ఎవరు వచ్చినా ఒక చూపు చూసి, తలుపు వైపు చూస్తున్నారు. కావలసిన మనిషిని తప్ప అందరినీ పిలిచాం మేము.

మీ నాన్నగారి గురించి కూడా రాయాలి. ఆ రోజు నుంచి ఆయన మామూలు మనిషి కాలేదు. భీమవరం వెళ్ళి వేలి మీటరుకు డబ్బాడు బ్యాటరీలు తెచ్చారు. మంచం పక్కన స్టూలు వేసుకుని, మామ్మ వేలికి అది తగిలించి, ఆ అంకె వంకే చూస్తూ కూర్చుంటారు. అంకె ఒకటి తగ్గితే గుడ్లు తేలేస్తారు, ఒకటి పెరిగితే నన్ను పిలిచి చూపిస్తారు. పొద్దస్తమానం అదే పని. మొన్న మామ్మ కళ్ళు తెరిచి ఆయన్ని చాలాసేపు చూశారు. ఆయనకు తెలియలేదు, అంకె చూస్తున్నారు. ఆవిడకు మాటకు మాటకు మధ్య ఊపిరి కావాలి. ఆగి ఆగి అన్నారు: "రంగా... ఆ వేలు వదిలేసి... చెయ్యి పట్టుకోరా."

మీ నాన్నగారు మీటరు తీసి కింద పెట్టి, రెండు చేతులతో ఆవిడ చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు. నాకు ఇన్నేళ్ళలో ఆయన ఏడుపు తెలియదు. పోయిన పంట పోయిన రోజు కూడా ఏడవలేదు.

మామ్మ రోజూ అడిగేది ఒక్కటే, "కీర్తి ఎప్పుడొస్తుంది?" అని. "పరీక్ష అవగానే వచ్చేస్తుందండి" అంటాను. పరీక్ష మే నెలలో. మామ్మకు మే నెల ఉందో లేదో నాకు తెలియదు. ఆ దిగులుతో పోయిన శుక్రవారం మీ డీన్ గారికి ఫోన్ చేశాను. ఆయన చాలా మర్యాదగా మాట్లాడారు.

"మేడమ్, పిల్లలు ఫైనల్ ఫేజ్‌లో ఉన్నారండి. ఇప్పుడు డిస్టర్బ్ చేస్తే రెండేళ్ళ కష్టం వేస్టయిపోద్దండి. కిందటేడు ఒక అబ్బాయి ఫాదర్ ఎక్స్‌పైరయితే ఎగ్జామ్ అయ్యాకే చెప్పామండి. మంచి ర్యాంక్ కొట్టాడు."

"ఆ అబ్బాయి ఇప్పుడు ఎలా ఉన్నాడండి?" అన్నాను.

"ఎంబీబీఎస్ ఫస్టియరండి."

"అది కాదండీ. ఎలా ఉన్నాడు?"

"అదేనండి, మంచి కాలేజీలో సీటొచ్చింది."

ఆయనకు నా ప్రశ్న అర్థం కాలేదు. మరీ అంతగా తీసుకెళ్ళాలనుకుంటే ఇంట్లో ఏదో ఫంక్షన్ అని చెప్పి ఒక్కరోజుకు పంపిస్తామనీ, అసలు సంగతి మాత్రం నీ చెవిన పడనివ్వొద్దనీ అన్నారు. సరేనండి అని ఫోను పెట్టేశాను. చూడు, నేను ఎవరికైనా సరేనండి అనేస్తాను. నీకు తెలిసిందే కదా.

బేబీ పిలుస్తోంది. మామ్మను కాస్త పక్కకు తిప్పాలి. మిగతాది మళ్ళీ రాస్తాను.

గురువారం, రైల్లో.

ఇక్కడి నుంచి అక్షరాలు వంకరటింకరగా ఉంటాయి, సర్దుకో. బెజవాడ రైల్లో కిటికీ పక్కన కూర్చుని రాస్తున్నాను. ఆకివీడు దాటింది. రెండు పక్కలా చెరువులే. ప్రతి చెరువులోనూ ఏరియేటర్లు తెల్లగా నురగ కక్కుతూ తిరుగుతున్నాయి. ఇన్నాళ్ళూ వాటిని చూస్తే నాకు ధైర్యంగా ఉండేది.

నిన్న నీకు ఒక మాట సగమే రాశాను. ఇంట్లో అందరం అదే చెప్పుకుంటున్నాం, చూడటానికి వచ్చినవాళ్ళకూ అదే చెబుతున్నాం: మామ్మే జనరేటరు పంపెయ్యమన్నారు అని. అది నిజమే. కానీ నేను ఎలా అడిగానో ఎవరికీ చెప్పలేదు. మీ నాన్నగారికి కూడా చెప్పలేదు. నీకే చెబుతున్నాను.

ఆ రోజు ఫోను పెట్టేసి మామ్మ మంచం దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మెలకువగానే ఉన్నారు. మిషను ఆగిందని ఆవిడకూ తెలుసు. నేను ఏమన్నానంటే, "అత్తయ్యగారండీ, చెరువు దగ్గర జనరేటరు పని చెయ్యట్లేదంటండి. పోయిన పంట కూడా పోయింది కదండీ. ఇది పంపెయ్యమంటారా?" అన్నాను.

అలా అడిగాక ఆవిడ వద్దంటారా కీర్తీ? కొడుకు పంట పోయినా ఫరవాలేదు, నాకు ఊపిరి కావాలని నోరు తెరిచి అనే మనిషేనా మీ మామ్మ? వద్దనరని నాకు తెలుసు. తెలిసే అడిగాను. ఆవిడ చెయ్యి ఎత్తి, "పంపెయ్ అమ్మాయ్" అన్నారు. నాకు హాయిగా అనిపించింది. అదే నన్ను తినేస్తోంది. ఆ క్షణాన నా మనసు తేలికపడింది. తప్పు నా మీద ఉండదు, ఆవిడే అన్నారు కదా అని. ఆవిడ ఊపిరి తీసుకెళ్ళి ట్రాక్టరు ఎక్కించి, దానికి ఆవిడ చేతే ఒప్పించాను.

సరే, అది భయంలో, కంగారులో జరిగిందనుకో. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఏం చేశానో విను. నింపాదిగా, పక్కన కూర్చుని, పాదాలు పడుతూ అడిగాను: "అత్తయ్యగారండీ, కీర్తికి కబురు చెయ్యమంటారా? పరీక్ష దగ్గరికొచ్చింది కదండీ మరి."

ఆవిడ నా వంక చూశారు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "వద్దులే అమ్మాయ్. చదువుకోనీ" అన్నారు. అని తలుపు వైపు తిరిగారు. నేను బయటికొచ్చి మీ నాన్నగారితో, "అత్తయ్యగారే వద్దన్నారండి" అని చెప్పాను.

మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ అదే తీరు. ఇది నాకు వెంటనే తట్టలేదు. నిన్న నీకు ఉత్తరం రాస్తూ "మామ్మే పంపెయ్యమన్నారు" అన్న చోటికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. అయినా రాసేశాను గానీ, తర్వాత బేబీతో కలిసి మామ్మను పక్కకు తిప్పుతుంటే ఆవిడ ఒళ్ళు ఎంత తేలికైపోయిందో తెలిసింది. ఇంకోసారి ఆవిణ్ణి అడిగే హక్కు నాకు లేదనిపించింది.

అందుకే ఈసారి ఎవరినీ అడగలేదు. పొద్దున్న మీ నాన్నగారితో, "నేను బెజవాడ వెళ్ళి పిల్లను తీసుకొస్తున్నాను" అన్నాను. తీసుకురమ్మంటారా అనలేదు. నీ చదువు గురించి ఆయన ఎన్ని కలలు కన్నారో నీకు తెలుసు. అయినా, "రైలుకు టైమవుతోంది, దింపుతాను పద" అని బండి తీశారు. అది చెరువులో రీడింగు చూసే వేళ. మీటరు బల్ల మీదే ఉండిపోయింది. స్టేషన్లో నన్ను దింపి, "నేను అమ్మ దగ్గరే ఉంటాను. మీరు రండి" అన్నారు. చెరువు ఇవాళ అబ్బులు చూసుకుంటాడు.

ఇంట్లోంచి ఫోను వస్తుందేమోనని ఫోను ఒళ్ళోనే పెట్టుకున్నాను. మోగితే భయం, మోగకపోతే భయం. కైకలూరులో ఒకసారి మోగింది, ఎవరో లోను కావాలా అని. తిట్టి పెట్టేశాను.

నువ్వు అడుగుతావు, ఇంత దూరం వచ్చిన దానివి ఎదురుగా చెప్పొచ్చు కదా, ఈ ఉత్తరం ఎందుకని. రెండు కారణాలు. ఆఫీసులో అడిగితే డీన్ గారు నన్ను ముందు కూర్చోబెట్టి, చల్లటి మంచినీళ్ళిచ్చి, ఫంక్షన్ అని చెబుదామండి అంటారు. నేను సరేనండి అనేస్తానని నా భయం. అబద్ధం చెప్పి నిన్ను ఇంటికి తీసుకెళితే, నట్టింట్లో ఆ మంచం చూసి నువ్వు నా మొహం చూసే చూపు నేను తట్టుకోలేను. రెండోది, నేను చేసింది నీకు ముందే తెలియాలి. నోటితో చెబితే నేను ఏడుస్తాను, నువ్వు నన్ను ఓదార్చే పనిలో పడతావు, కోపగించుకోవలసిన సంగతి మర్చిపోతావు. కోపం వస్తే కోపంతోనే రా. అందులో తప్పులేదు.

నీ ఉతికిన బట్టల సంచి తెచ్చాను. అది మాత్రం ఏ రోజైనా తీసుకుంటారు. లోపల ఫోనుందా, తినే వస్తువులున్నాయా అని వెతుకుతారు గానీ చున్నీలు విప్పి చూడరు. ఈ కాగితాలు నీ ఆకుపచ్చ చున్నీ మడతలో పెడుతున్నాను. ఈ విద్య ఎవరి దగ్గర నేర్చుకున్నానో వేరే చెప్పక్కర్లేదు.

సంచి లోపలికి పంపించి, గేటు బయట జామకాయల బండి పక్కన నిలబడతాను. ఇది చదవగానే కిందికి వచ్చి, అమ్మ వచ్చింది, ఇంటికి వెళుతున్నానని వార్డెను గారితో చెప్పు. కాదంటే నన్ను పిలిపించమను. ఈసారి నేను సరేనండి అనను. పుస్తకాలు కావాలంటే తెచ్చుకో. పరీక్ష రోజున నేనే దగ్గరుండి తీసుకెళతాను. ర్యాంకు ఎంత వస్తే అంత. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది రాద్దువుగాని. మామ్మ విషయంలో అలా అనుకోవటానికి లేదు కదా.

నువ్వు వస్తావా అని అడుగుదామనుకున్నాను. అడిగితే వెనకాలే "పరీక్ష ఉంది కదా మరి" అన్న మాట నా నోటికి అలవాటుగా వచ్చేస్తుందని అడగటం లేదు. రా తల్లీ.

గుడివాడలో రైలు ఆగినప్పుడు నేనే ఉండబట్టలేక ఇంటికి ఫోన్ చేశాను. బేబీ ఎత్తింది. నువ్వు వస్తున్నావని మీ నాన్నగారు చెవిలో చెప్పారట. మామ్మ కళ్ళు తెరిచి, గూట్లో ఉన్న పేకముక్కలు తెప్పించుకుని దిండు కింద పెట్టించుకున్నారట. బేబీ సరదాగా "పంచమంటారా మామ్మగారండీ" అంటే, కీర్తి వచ్చాకేనని సైగ చేశారట. ఆవిడ కునుకు తీశాక బేబీ ముక్కలు సర్దిపెడదామని చూస్తే ఒక జోకరు కనిపించటం లేదట. మంచం కిందా, దిండు గలీబులోనూ అంతా వెతికానమ్మగారండీ అని కంగారుపడుతోంది.

ఎక్కడుందో నేను చెప్పలేదు. నువ్వొచ్చి పట్టుకో.

ఇట్లు,
గేటు బయట నీ కోసం నిలబడి ఉన్న
మీ అమ్మ.